కోపర్నికస్ బిలం: దేని మీద ఏది పడింది?

వాకిట్లో ముగ్గు మీద కాలిముద్ర పడి ఉందంటే ముగ్గు ముందు వేశారు, మనిషి తర్వాత నడిచాడు. ఎన్ని గంటలకు నడిచాడో తెలియకపోవచ్చు గానీ, ఏది ముందో ఏది వెనకో తేల్చడానికి గడియారం అక్కర్లేదు. చంద్రుడి చరిత్రను మొదట రాసింది ఈ తర్కంతోనే. అపోలో యాత్రికులు రాళ్ళు తేకముందే, టెలిస్కోపుల్లో చూసి, ఫొటోలు పక్కపక్కన పరిచి, భూవిజ్ఞానులు చంద్రుడి గతాన్ని యుగాలుగా విడగొట్టారు. ఆ పని మొదలైంది కోపర్నికస్ అనే ఒక్క బిలం, అంటే ఉల్క పడి ఏర్పడిన గొయ్యి, దాని ఇరుగుపొరుగు దగ్గరే.

ఈ బిలం చంద్రుడి ముఖం మీద నడిమధ్య నుంచి కాస్త ఎడమకు, కాస్త పైకి ఉంటుంది. లెక్కగా చెప్పాలంటే 9.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 20 డిగ్రీల పశ్చిమ రేఖాంశం. వ్యాసం సుమారు 93 కి.మీ., లోతు సుమారు 3.8 కి.మీ. అంచు బయటి మైదానం కన్నా దాదాపు ఒక కిలోమీటరు ఎత్తుగా లేచి, 30 కి.మీ. వెడల్పున వాలుగా దిగిపోతుంది. ఉత్తరాన కార్పేథియన్ పర్వతాలు, ఆ వెనక ఇంబ్రియం సముద్రం. తూర్పు ఈశాన్యాన ఎరటోస్తనీస్ బిలం, నైరుతి దిక్కున రైన్‌హోల్డ్. చంద్రుడి మీద సముద్రాలంటే నీళ్ళు కావని అందరికీ తెలిసిందే. అవి ఒకప్పుడు లావా పరుచుకుని గడ్డకట్టిన నల్ల రాతి మైదానాలు.

ఫొటోల్లో ఈ బిలం లోతైన బావిలా కనిపిస్తుంది. అది నీడలు చేసే మాయ. 93 సెంటీమీటర్ల వెడల్పున్న పళ్ళెం చేయిస్తే, అదే నిష్పత్తిలో దాని లోతు నాలుగు సెంటీమీటర్లకు కూడా రాదు. బావి కాదు, తాంబాళం. బిలం మధ్యలో నిలబడిన మనిషికి చుట్టూ గోడ ఎలా కనిపిస్తుందో కూడా లెక్క కట్టవచ్చు. గోడ 46 కి.మీ. దూరంలో ఉంది, చంద్రుడి గుండ్రదనం వల్ల దాని అడుగున సుమారు 600 మీటర్లు దిగంతం కిందికి పోతుంది. మిగిలిన 3.2 కి.మీ. ఎత్తు ఆకాశంలో నాలుగు డిగ్రీలు మాత్రమే ఆక్రమిస్తుంది. చేయి చాచి రెండు వేళ్ళు అడ్డంగా పెడితే ఆ గోడంతా మరుగున పడుతుంది.

గిన్నె, తాంబాళం

మహారాష్ట్రలోని లోణార్ సరస్సు కూడా ఉల్క పడి ఏర్పడిన బిలమే. దక్కన్ బసాల్ట్ రాతిలో తవ్వుకున్న 1.8 కి.మీ. గుండ్రటి గిన్నె అది. మధ్యలో శిఖరం లేదు, గోడకు మెట్లు లేవు. చంద్రుడి మీద కూడా చిన్న బిలాలన్నీ అలాగే ఉంటాయి, వాటి లోతు వెడల్పులో దాదాపు అయిదో వంతు. వ్యాసం 15, 20 కిలోమీటర్లు దాటేసరికి ఆకారం మారిపోతుంది. కోపర్నికస్‌లో లోతు వెడల్పులో ఇరవై నాలుగో వంతే. పెద్ద దెబ్బకు లోతైన గొయ్యి పడాలి కదా అన్న అనుమానం సహజం. గొయ్యి పడింది, కానీ నిలవలేదు.

జరిగిన క్రమం ఇది. కొన్ని కిలోమీటర్ల సైజు శిల సెకనుకు పది, ఇరవై కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలినప్పుడు, దాని గమనశక్తి అంతా క్షణంలో రాతిలోకి దిగుతుంది. తగిలిన చోట రాయి కొంత ఆవిరి అవుతుంది, కొంత కరుగుతుంది, మిగిలినది నలిగి పక్కలకూ పైకీ ఎగురుతుంది. ముందుగా తయారయ్యేది నిజంగానే లోతైన గిన్నె. కానీ అంత పెద్ద గిన్నె గోడలు తమ బరువును తామే మోయలేవు. అడుగు తిరిగి పైకి పొంగుతుంది, గోడలు పెళ్ళలు పెళ్ళలుగా లోపలికి జారుతాయి. పొంగిన అడుగే మధ్య శిఖరాలు. జారిన పెళ్ళలే ఈరోజు కనిపించే మెట్లు. లోతు తగ్గింది, వెడల్పు పెరిగింది. ఇదంతా నిమిషాల్లో ముగిసిన వ్యవహారం. కరిగిన రాయి చల్లారడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

జారుడు గుర్తులు గోడ నిండా ఉన్నాయి. పై నుంచి చూస్తే అంచు పూర్తి వృత్తంలా ఉండదు, ఆరు పలకలు తీరినట్టు ఉంటుంది. లోపలి గోడలో ప్రస్ఫుటంగా మూడు మెట్లు లెక్కపెట్టవచ్చు. మెట్ల మీద అక్కడక్కడా చదునైన, నల్లటి చిన్న మడుగుల్లాంటివి ఉంటాయి. అవి అప్పట్లో కరిగిన రాయి జారి నిలిచి గట్టిపడిన చోట్లు. బిలం నేల కూడా ఒక్క తీరుగా లేదు. ఉత్తర భాగం నునుపు, కరిగిన రాయి అక్కడ మందంగా పరుచుకుంది. దక్షిణ భాగం గుట్టలు గుట్టలుగా ఉంటుంది.

నేల మధ్యలో మూడు శిఖరాలు తూర్పు పడమరలుగా ఇంచుమించు ఒక వరుసలో నిలబడి ఉన్నాయి. అన్నిటికన్నా ఎత్తైనది 1.2 కి.మీ. ఉంటుంది. ఈ శిఖరాలకు ఉన్న విలువ వాటి ఎత్తులో లేదు. ఇంత వ్యాసమున్న బిలంలో మధ్యకు పొంగే రాయి సుమారు తొమ్మిది, పది కిలోమీటర్ల లోతు నుంచి వస్తుందని అంచనా. ఎవరూ తవ్వలేని లోతును దెబ్బే తవ్వి పైన పెట్టింది. 1980ల మొదట్లో కార్లీ పీటర్స్ అనే శాస్త్రవేత్త భూమి మీది టెలిస్కోపుతోనే ఆ శిఖరాల వెలుగును పరారుణంలో విడగొట్టి చూసి, వాటిలో ఓలివిన్ ఖనిజం ప్రధానంగా ఉందని తేల్చారు. చుట్టుపక్కల లావా మైదానాల గుర్తు వేరు. శిఖరాలు పైపొర రాయి కాదని దాంతో రుజువైంది.

పాతికేళ్ళ తర్వాత అదే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో తయారైన ఖనిజ పటాల పరికరం చంద్రయాన్-1 మీద ఎక్కింది. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆ నౌక, చంద్రుడి మట్టిలో నీటి జాడ చూపించినదిగా అందరికీ గుర్తు. అదే పరికరం కోపర్నికస్‌ను కూడా చూసింది. ఉత్తర గోడ మీద, నేల మీద సుమారు 30 కి.మీ. పొడవున మెలికలు తిరిగిన ఒక కరుగురాతి పట్టీ ఉందనీ, దాని ఖనిజాలు పక్కనున్న కరుగురాతి ఖనిజాల కన్నా వేరనీ ఆ సమాచారంలో బయటపడింది. మామూలు ఫొటోలో ఆ పట్టీ విడిగా తెలియదు. పెద్ద దెబ్బలో కరిగిన రాయంతా పిండి కలిపినట్టు ఒకే ముద్ద అయిపోతుందని అనుకునేవారు. ఇక్కడ అలా కలవలేదు. అంటే, ఒక బిలం కరుగురాతిలోంచి ఒక పిడికెడు తెచ్చి అదే మొత్తానికి నమూనా అనడం ప్రమాదం. రేపు అక్కడ నౌకను దించేవారికి ఇది చాలా అవసరమైన హెచ్చరిక.

అంచు దాటి బయటికి

అసలు సంపద బిలం లోపల కన్నా బయటే ఎక్కువ. అంచు నుంచి బయటికి నడిస్తే నేల మూడు రకాలుగా మారుతుంది. మొదట, బిలం చిమ్మిన శిథిలాలు పాత నేలను పూర్తిగా కప్పేసిన పట్టీ. అంచు దగ్గర గుట్టలుగా, దూరం పోయేకొద్దీ కేంద్రం నుంచి బయటికి పరుగెత్తే గట్లుగా ఉంటుంది. ఆ తర్వాత కప్పు చిరిగిపోయి, కింది నేల అక్కడక్కడా కనిపిస్తూ, చిన్న చిన్న గుంటలు గుంపులుగా, గొలుసులుగా వస్తాయి. చివరగా తెల్లటి చారలు మాత్రమే. కొన్ని 800 కి.మీ. దాకా పోతాయి.

ఆ గుంటల గొలుసులు ఉపబిలాలు. కోపర్నికస్ నుంచి ఎగిరిన బండలు తిరిగి పడి చేసినవి. వాటిని వేరే ఉల్కలు చేసిన బిలాల నుంచి విడదీయడం నేర్చుకోవాలి, ఎందుకంటే చంద్రుడి మీద ఏ మైదానం వయసైనా బిలాలు లెక్కపెట్టే కడతారు. ఎక్కువ బిలాలుంటే ఎక్కువ వయసు. కోపర్నికస్ ఒక్క దెబ్బకు రాల్చిన వేల గుంటలను ఆ లెక్కలో కలిపితే మైదానం లేనిపోని ముసలితనం తెచ్చుకుంటుంది. విడదీసే గుర్తులు ఆకారంలోనే ఉన్నాయి. ఉపబిలం గుండ్రంగా కాక సాగినట్టు ఉంటుంది, లోతు తక్కువ, ఒంటరిగా దొరకదు. పక్కపక్కన ఒకేసారి పడ్డ బండల మట్టి ఒకదానికొకటి గుద్దుకుని బాణం మొనలాంటి గట్లు ఏర్పడతాయి. ఆ మొనలు వచ్చిన దిక్కును, అంటే మూలబిలాన్ని చూపిస్తాయి.

ఆకారం పాడవడానికి కారణం వేగం. అంతరిక్షం నుంచి వచ్చే శిల సెకనుకు పది, ఇరవై కిలోమీటర్లతో తగిలితే, తిరిగి పడే బండ సెకనుకు 2.4 కి.మీ. లోపే ఉండాలి. అది దాటితే చంద్రుణ్ణే వదిలి వెళ్ళిపోతుంది. 400 కి.మీ. దూరంలో పడాలంటే 45 డిగ్రీల కోణంలో సెకనుకు సుమారు 800 మీటర్ల వేగం చాలు. గాలి లేదు కాబట్టి అడ్డూ లేదు. అలా విసిరిన రాయి దాదాపు పన్నెండు నిమిషాలు ఎగిరి నేలకు చేరుతుంది.

కోపర్నికస్‌కూ ఎరటోస్తనీస్‌కూ నడుమ స్టేడియస్ అనే 69 కి.మీ. బిలం ఉంది. ఉందంటే ఉంది, అంతే. లావా లోపలంతా నిండి, అంచు మాత్రం సన్నటి గీతలా మిగిలింది. దాని మీద, పక్కన కోపర్నికస్ ఉపబిలాలు చిల్లుల జల్లెడలా పడ్డాయి. అక్కడి నుంచి వాయవ్యంగా ఇంబ్రియం వైపు ఒక గొలుసు పొడుగ్గా సాగిపోతుంది. ముందు స్టేడియస్, తర్వాత లావా, ఆ తర్వాత కోపర్నికస్. మూడు సంఘటనలు ఒకే చోట ఒకదాని మీద ఒకటి.

మొదటి క్యాలెండర్

అమెరికా భూవిజ్ఞాని యూజీన్ షూమేకర్ 1960 ప్రాంతంలో చేసింది ఈ లెక్కే, ప్రాంతమంతటికీ వర్తింపజేసి. అరిజోనాలోని ఉల్కాబిలాన్ని ఆయన అంతకు ముందే అంగుళం అంగుళం చదివి ఉన్నారు. కోపర్నికస్ ఉపబిలాలు ఏ వేగంతో, ఏ కోణంలో ఎగిరిన బండల వల్ల పడి ఉంటాయో లెక్క కట్టి, వాటి మూలం ఈ బిలమేనని చూపారు. తర్వాత రాబర్ట్ హాక్‌మన్‌తో కలిసి 1962లో వెలువరించిన పనిలో పొరల క్రమం పెట్టారు. అన్నిటికన్నా కింద, ఇంబ్రియం మహాబిలం ఏర్పడినప్పుడు చిమ్మిన శిథిలాలు. కార్పేథియన్ పర్వతాలు ఆ మహాబిలం అంచులో మిగిలిన ముక్కలే. వాటి లోతట్టును ముంచి లావా మైదానాలు. లావా మీద ఎరటోస్తనీస్ లాంటి బిలాలు. వాటన్నిటి మీదా కోపర్నికస్ చారలు. ఎరటోస్తనీస్ కూడా 58 కి.మీ. వ్యాసమున్న, మెట్లూ శిఖరాలూ చెక్కుచెదరని బిలమే. కానీ దానికి సొంత చారలు లేవు, పైగా కోపర్నికస్ చారలు దాని మీదుగా పోతాయి. అందుకే చారలు మాసిపోయిన బిలాల కాలానికి ఎరటోస్తనీస్ యుగమని, చారలు ఇంకా మెరిసే బిలాల కాలానికి కోపర్నికస్ యుగమని పేర్లు స్థిరపడ్డాయి. ఆ పేర్లు ఇప్పటికీ చంద్రుడి మొత్తానికీ వాడుకలో ఉన్నాయి.

క్రమం తెలిసింది, తేదీ కావాలి. 1969 నవంబరు 19న అపోలో 12 దిగిన చోటు కోపర్నికస్ కేంద్రానికి దక్షిణంగా సుమారు 400 కి.మీ. ఈ బిలం చార ఒకటి ఆ స్థలం మీదుగా పోతుంది. చుట్టూ ముదురు బూడిద రంగు మట్టి ఉండగా, హెడ్ అనే చిన్న బిలం దగ్గర తవ్విన చోట లేత రంగు మట్టి దొరికింది. అందులో పొటాషియం, ఫాస్ఫరస్, అరుదైన మూలకాలు దండిగా ఉన్న గాజు రేణువులు ఉన్నాయి. పొటాషియంలో ఒక రకం కాలక్రమంలో ఆర్గాన్ వాయువుగా మారుతుంది. రాయి బాగా వేడెక్కినప్పుడు పోగుపడ్డ ఆర్గాన్ బయటికి పోతుంది, గడియారం మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. ఆ గాజు తిరిగి పోగు చేసుకున్న ఆర్గాన్‌ను కొలిస్తే దెబ్బ తగిలి సుమారు 80 కోట్ల ఏళ్ళయిందని వచ్చింది.

ఇక్కడ ఒక ముడి ఉంది, దాన్ని చాలామంది చదవకుండా దాటేస్తారు. ఆ గాజు కోపర్నికస్‌దే అన్న నమ్మకం చార మీద దొరికిందన్న ఆధారంతో వచ్చింది. చారలోని మట్టిలో దూరం నుంచి ఎగిరివచ్చినది కొంతే, పడుతూ తవ్వి కలిపేసిన స్థానిక మట్టి ఎక్కువ. కాబట్టి 80 కోట్లన్నది ఆ గాజు వయసుగా దృఢమైన సంఖ్య, బిలం వయసుగా బలమైన ఊహ. బిలం లోపల ఇప్పటివరకు ఏ నౌకా దిగలేదు. అయినా ఈ సంఖ్య మీద చాలా కట్టారు. బిలాల సాంద్రతను ఏళ్ళలోకి మార్చే పట్టికను నిలబెట్టే మేకులు వయసు కొలిచిన ఇలాంటి నమూనాలే, మధ్యకాలానికి అవి చాలా తక్కువ. వాటిలో ఇదొకటి. 2020లో జపాన్ శాస్త్రవేత్తలు కగుయా నౌక ఫొటోలతో 20 కి.మీ. పైబడిన 59 బిలాల వయసు కట్టి, వాటిలో ఎనిమిది కోపర్నికస్‌తో ఒకే కాలంలో పడ్డాయని, 80 కోట్ల ఏళ్ళ కిందట గ్రహశకలాల జడివాన కురిసి ఉంటుందని ప్రతిపాదించారు. మేకు కదిలితే ఆ తేదీ కూడా కదులుతుంది.

తెలుపు చెప్పే అబద్ధం

చారలుంటే కొత్తది, లేకపోతే పాతది అన్న సూత్రం వినడానికి బాగుంటుంది. దాని లోపం కోపర్నికస్ దగ్గరే బయటపడింది. చార తెల్లగా ఉండటానికి రెండు వేర్వేరు కారణాలున్నాయి. ఒకటి తాజాదనం. కొత్తగా పగిలిన రాతిపొడి వెలుతురుగా ఉంటుంది. సూక్ష్మ ఉల్కల తాకిడికీ సౌరగాలికీ రేణువుల మీద అతి సన్నటి ఇనుప చుక్కలు పేరుకుని పొడి నల్లబడుతుంది. ఈ కారణంతో తెల్లగా ఉన్న చార కాలం గడిస్తే మాసిపోవలసిందే. రెండోది రాయి జాతి. చంద్రుడి ఎత్తైన ప్రాంతాల రాయి పుట్టుకతోనే తెలుపు, సముద్రాల బసాల్ట్ నలుపు. తెల్లరాతి పొడి నల్లటి మైదానం మీద పడితే, ఎంత ముసలిదైనా తెల్లగానే కనిపిస్తుంది.

కోపర్నికస్ పడిన చోట లావా పొర పలచన. దెబ్బ దాన్ని చీల్చుకుని కిందున్న తెల్లరాతిని తవ్వి చుట్టూ ఉన్న నల్లని మైదానాల మీద చల్లింది. 1985లో వెలువడిన పరిశీలనలో ఈ చారల మట్టి బాగా పాతబడిపోయిందనీ, మెరుపుకు కారణం అందులో కలిసిన తెల్లరాయేననీ తేలింది. యుగానికి పేరు పెట్టిన బిలమే ఆ యుగం సూత్రాన్ని అక్షరాలా పాటించడం లేదు. లిచ్‌టెన్‌బర్గ్ అనే మరో బిలంలో ఇంకా విడ్డూరం. దానికి చారలున్నాయి, కానీ దాని శిథిలాల మీదికి లావా పారింది. అంటే వయసులో బాగా పాతది. అందుకే ఎరటోస్తనీస్, కోపర్నికస్ యుగాల హద్దును సుమారు 110 కోట్ల ఏళ్ళ దగ్గర గీస్తూనే, కంటికి కనిపించే చారను కాక మట్టి ఎంత పాతబడిందో కొలిచే సూచికను ప్రమాణంగా తీసుకోవాలన్న వాదన 2004 నుంచి బలంగా ఉంది. ఆ వాదనే సరైనది. రంగు మారుతుంది, మోసం చేస్తుంది. పొర మీద పొర మాత్రం మోసం చేయదు.

దీనికి చక్కటి చిన్న ఉదాహరణ కోపర్నికస్ హెచ్. పెద్ద బిలానికి ఆగ్నేయాన ఉన్న ఈ బుల్లి బిలం అయిదు కిలోమీటర్ల లోపే. దాని చుట్టూ తెల్లటి కాంతి ఉండాల్సిన చోట నల్లటి వలయం ఉంది. అగ్నిపర్వతం బూడిద కక్కిందేమో అనుకున్నారు చాలాకాలం. విషయం అంతకన్నా సరళం. కోపర్నికస్ పరిచిన తెల్లటి దుప్పటి అక్కడ పలచన, దాని కింద పాత నల్ల లావా. చిన్న ఉల్క దుప్పటికి చిల్లు పొడిచి కింది నలుపును పైకి చల్లింది. సున్నం వేసిన గోడను గోటితో గీరితే పాత రంగు బయటపడినట్టు. 1980లలో కాంతి విశ్లేషణ ఆ నలుపు లావా రాయేనని ధ్రువీకరించింది.

అగ్నిపర్వతమన్న అనుమానం కోపర్నికస్‌కు కొత్త కాదు. పదిహేడో శతాబ్దంలో హెవీలియస్ అనే ఖగోళజ్ఞుడు తన పటంలో దీనికి ఎట్నా అని, ఇటలీలోని అగ్నిపర్వతం పేరు పెట్టాడు. 1651లో మరో ఖగోళజ్ఞుడు రిచ్చోలి మార్చిన పేరే నిలిచింది. నిజమైన అగ్నిపర్వతాలు చూడాలంటే కోపర్నికస్ దాటి పడమటికి పోవాలి. 14 కి.మీ. హార్టెన్షియస్ బిలానికి ఉత్తరంగా ఆరు గుబ్బలు గుంపుగా ఉన్నాయి. కొన్ని వందల మీటర్ల ఎత్తు, చాలా నెమ్మదైన వాలు, నెత్తిన చిన్న గుంట. పల్చటి లావా మెల్లగా పొంగి పేరుకుంటే వచ్చే ఆకారం అది. ఒకే టెలిస్కోపు చూపులో దెబ్బ చేసినదీ, లావా చేసినదీ పక్కపక్కన దొరకడం చూసేవారికి గొప్ప పాఠం.

పంచాంగం పెట్టుకుని చూడాలి

కోపర్నికస్ మీద సూర్యుడు ఎప్పుడు ఉదయిస్తాడో పంచాంగమే చెబుతుంది. తిథికి పన్నెండు డిగ్రీలు. సూర్యచంద్రుల మధ్య ఎడం 110 డిగ్రీలు అయినప్పుడు 20 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర తెల్లవారుతుంది. అది శుద్ధ దశమి మొదలు. చంద్రుడు మనవైపు అటూ ఇటూ తల ఊపుతాడు కాబట్టి ఇది అరతిథి పైగా ముందుకో వెనక్కో జరగవచ్చు. నవమి రాత్రి ఒకసారి, దశమి రాత్రి ఒకసారి చూస్తే తప్పిపోదు. మాఘ ఫాల్గుణాల్లో దశమి చంద్రుడు రాత్రి ఏడున్నర ప్రాంతంలో తెలుగు నేల మీద దాదాపు నడినెత్తికి వస్తాడు. ఏడాదిలో ఇంతకన్నా మంచి అదను లేదు.

అందరూ చేసే మొదటి పొరపాటు పున్నమి నాడు టెలిస్కోపు పెట్టడం. అప్పుడు ఎండ నెత్తిన ఉంటుంది, నీడలుండవు, గోడలూ మెట్లూ మాయమై తెల్లటి మచ్చ మిగులుతుంది. ఎరటోస్తనీస్ అయితే వెతికినా దొరకదు. పున్నమి చారలు చూడటానికి మాత్రమే. రెండో పొరపాటు మేడ మీద సిమెంటు శ్లాబు వేడి. పగలంతా కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా వేడి ఊపిరి వదులుతుంది, బొమ్మ నీళ్ళలో చూసినట్టు వణుకుతుంది. మట్టి నేల, గడ్డి మేలు. అద్దాన్ని వాడకముందు అరగంటైనా బయట పెట్టి చల్లారనివ్వాలి. మూడోది దిక్కులు. న్యూటన్ రకం టెలిస్కోపు బొమ్మను తలకిందులు చేస్తుంది. అద్దపు మూలమలుపు పెట్టిన కటకాల టెలిస్కోపు కుడిని ఎడమ చేస్తుంది. పైగా 1961కి ముందు అచ్చయిన పటాల్లో చంద్రుడి తూర్పు పడమరలు ఇప్పటికి వ్యతిరేకం. పటంతో బొమ్మ కలవకపోతే ముందు చూడాల్సినవి ఇవే.

కోపర్నికస్ భూమి నుంచి చూస్తే 50 కోణసెకన్లే (డిగ్రీలో 3600వ వంతు ఒక కోణసెకను), అందుకే వట్టి కంటికి గుండ్రంగా తెలియదు, వెలుగుమచ్చగా మాత్రం చిక్కుతుంది. 100 రెట్లు పెంచితే ఆకాశంలో మామూలు చంద్రుడి కన్నా దాదాపు మూడింతల వెడల్పుగా కనిపిస్తుంది. మధ్య శిఖరాలు చూడటానికి 60 మి.మీ. టెలిస్కోపు చాలు. హార్టెన్షియస్ గుబ్బలకూ, కోపర్నికస్ హెచ్ నల్ల వలయానికీ కనీసం 100 మి.మీ. కావాలి. గుబ్బలకు వెలుగు బాగా వాలుగా ఉండాలి, ఏకాదశి మొదట్లో. నల్ల వలయానికి ఎండ నెత్తిన ఉండాలి, పున్నమి దగ్గర. ఒకే రాత్రి రెండూ దొరకవు.

దశమి రాత్రి సమయం సరిగ్గా కుదిరితే మొదట కనిపించేది నల్ల సిరా నింపిన గిన్నె. చుట్టూ వెలుగు కంకణం. ఎడమవైపు, అంటే పడమటి గోడ మెట్లు ఒక్కొక్కటిగా వెలుగుతాయి. నేలంతా చీకట్లో ఉండగానే నడుమ రెండు మూడు చుక్కలు అంటుకుంటాయి. అవే శిఖరాల కొనలు. కొన మీద ఎండ పడిన తర్వాత పాదాల దగ్గరి నేల వెలగడానికి సుమారు మూడు గంటలు పడుతుంది, ఎందుకంటే అక్కడ సూర్యుడు గంటకు అర డిగ్రీ మాత్రమే పైకి వస్తాడు. తూర్పు గోడ నీడ అప్పుడు నేల మీద వెనక్కి జరిగే వేగం గంటకు మూడు, నాలుగు కిలోమీటర్లు. మనిషి నడక వేగం. గంట ఎడంతో రెండు బొమ్మలు గీసుకుంటే తేడా స్పష్టంగా చూపించవచ్చు.

ఆ నీడతోనే ఎత్తు కొలవవచ్చు. ఫొటోలో బిలం వెడల్పు 300 పిక్సెళ్ళు వచ్చిందనుకుంటే ఒక పిక్సెల్ 0.31 కి.మీ. శిఖరం నీడ 37 పిక్సెళ్ళు ఉంటే 11.5 కి.మీ. ఆ సమయానికి అక్కడ సూర్యుడి ఎత్తు ఆరు డిగ్రీలైతే 0.105తో, అంటే ఆరు డిగ్రీల టాంజెంట్‌తో గుణించాలి. వచ్చేది 1.2 కి.మీ. సూర్యుడి ఎత్తును చంద్రుడి పటాల సాఫ్ట్‌వేర్ ఏదైనా ఇస్తుంది. గాలి వణుకు వల్ల నీడ కొన ఒక కోణసెకను అటూ ఇటూ అయితే 1.9 కి.మీ. తప్పు, అంటే ఎత్తులో 200 మీటర్లు. అదే సూర్యుడు పది డిగ్రీలెక్కాక కొలిస్తే నీడ పొట్టిదై, అంతే వణుకు 330 మీటర్ల తప్పు తెస్తుంది. కాబట్టి తొందరగా కొలవడం మేలు. కానీ మరీ తొందరపడితే పొడుగు నీడ కొన దక్షిణపు గుట్టల మీద పడి, పొట్టిగా తెగిపోతుంది. ఉత్తరపు నునుపు నేల మీద పడే నీడలనే ఎంచుకోవాలి. ఒక్క కొలతతో సరిపెట్టకుండా ఆరు, ఏడు, ఎనిమిది డిగ్రీల దగ్గర మూడు ఫొటోలు తీసి సగటు కడితే అంకె నిలబడుతుంది.

గోడ ఎత్తు ఇలా తీయబోతే మాత్రం మరో చిక్కు వస్తుంది. నీడ కొన నేల మీద ఉన్నంతసేపే లెక్క నేల నుంచి అంచు దాకా ఉన్న ఎత్తు. ఎండ పన్నెండు డిగ్రీలకు చేరేసరికి కొన మెట్ల మీదికి ఎక్కేస్తుంది, ఇక వచ్చే అంకె ఆ మెట్టు నుంచి అంచు దాకానే. 3.8 కి.మీ. రావాల్సింది రెండున్నర వచ్చిందంటే గుణకారం తప్పలేదు, నీడ మెట్టు ఎక్కింది.

సుమారు పదిహేను రోజుల తర్వాత బహుళ దశమి. చంద్రుడు అర్ధరాత్రి దాటాక ఉదయించి తెల్లవారుజామున బాగా పైకి వస్తాడు. ఇప్పుడు కోపర్నికస్ మీద సూర్యాస్తమయం, వెలుగు ఎడమ నుంచి. పడమటి గోడ నీడ వేస్తుంది, శుద్ధ దశమినాడు నల్లగా ఉన్న తూర్పు గోడ మెట్లు మొదటిసారి పూర్తిగా వెలుగులోకి వస్తాయి. తూర్పున ఉన్న స్టేడియస్ అంచు గీత మాత్రం అంతకు కాస్త ముందే, బహుళ నవమి ప్రాంతంలో, కాసేపు తేటగా తెలిసి, వెలుగు సరిహద్దు దాటగానే చీకట్లో కలిసిపోతుంది.